అఖిలపక్ష మౌనం వర్ధిల్లాలి

మన నాయకులకు ఐకమత్యం లేదని ఎవరన్నారు? కర్నూలులో శ్రీశైలం నీళ్ల మీద కొట్టుకుంటారు, కాంట్రాక్టుల మీద కొట్టుకుంటారు, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పెద్దదన్న దాని మీదా కొట్టుకుంటారు. గే హక్కుల మాటెత్తి చూడండి, పెద్ద పార్టీలన్నీ ఒక్కసారిగా ఫోన్లు చూసుకుంటాయి.

ఢిల్లీ దారి చూపబట్టే ఇదంతా. 2015 డిసెంబరులో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను సవరించే ప్రైవేటు బిల్లును కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ తెచ్చారు. ప్రవేశపెట్టే దశలోనే 71-24 ఓట్లతో లోక్‌సభ దాన్ని వెనక్కి పంపింది. చర్చ జరిగితే ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడాల్సి వచ్చేది, ఆ ప్రమాదం తప్పింది. 543 నియోజకవర్గాల దేశంలో ఓటేసిన వాళ్లు వంద మంది కూడా లేరు. శుక్రవారం కదా, పాపం, ఊరికి బస్సో విమానమో దొరకాలి.

చివరికి 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టే, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదంది. 2023 అక్టోబరులో పెళ్లి సంగతి అడిగితే, అది పార్లమెంటు పని అంది. కలెక్టరేట్‌లో ఫైలు టేబుళ్లు మారినట్టు హక్కు ఇలా తిరుగుతూ ఉంటే ఎవరి సంతకమూ పడదు, ఎవరి ఓటూ పోదు.

మన జిల్లా ఇంకో అడుగు ముందుంది. హైకోర్టు ఇక్కడే పెట్టాలని, కోస్తా, సీమ నాయకులు 1937లో రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం దాకా తవ్వి అడుగుతాం. కోర్టు భవనం కావాలి గానీ, కోర్టు చెప్పిందంతా వినాలని ఒప్పందంలో ఎక్కడుంది?

ఇక సంస్కృతి. ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీకి మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. (మొక్కు వేరు, మనసు వేరు. ఆ మాత్రం తేడా నాకూ తెలుసు.) చీరకు చెక్కు చెదరని సంస్కృతి, ఇద్దరు మగవాళ్లు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటే మాత్రం కూలిపోతుందట. మన్మథుడికే గుడి కట్టిన జిల్లా ఇది!

"మీ ఓట్లు ఎన్ని?" అని అడుగుతారు నాయకులు, న్యాయమైన ప్రశ్నే. లెక్క తేలాలంటే గేలు తామెవరో చెప్పుకుని బయటికి రావాలి. బయటికొస్తే ఆ అద్దె ఇల్లు కూడా పోతుంది.

2024లో కేంద్రం రాష్ట్రాలకు ఉత్తరం రాసింది, ఇలాంటి జంటలను రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడమని. ఎవరైనా ధైర్యం చేసి ఆ ఉత్తరం పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లారే అనుకోండి. అక్కడి ఉద్యోగి మంచివాడే అయ్యుంటాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంటాడు: "అన్నదమ్ములని రాసేస్తాలే సార్, ఎవరికీ టెన్షన్ ఉండదు."