చార్టు చూపించని కోడింగ్ క్లాసులు

నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి బీఎస్సీనో బీఫార్మసీనో చేసి చెన్నై వచ్చే మన పిల్లల్లో చాలామంది చూపు ఇప్పుడు మెడికల్ కోడింగ్ మీదే ఉంది. అమెరికా ఆసుపత్రుల బీమా బిల్లుల కోసం రోగి జబ్బుకూ వైద్యానికీ కోడ్లు వేసే పని ఇది. వేళచ్చేరి, పెరుంగుడి హాస్టళ్లలో ఎవరిని కదిపినా ఇదే మాట. డిగ్రీతో పాటే ఈ సర్టిఫికెట్ కోర్సు పెడుతున్న కాలేజీలూ ఉన్నాయి. మంచిదే. జువాలజీ చదివిన పిల్లకు బీఎడ్ తప్ప దారి లేదనుకునే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. నా పేచీ కోర్సుతో కాదు, చెప్పే తీరుతో. చాలాచోట్ల కోడ్ల జాబితా చేతికిచ్చి బట్టీ పట్టిస్తున్నారు.

ఉద్యోగమంతా చార్టు, అంటే రోగి వైద్య రికార్డు, చదవడంలోనే ఉంది. అమెరికా డాక్టరు రాసిన నోట్స్ చూసి జబ్బుకు ఐసీడీ-10-సీఎం కోడ్, చేసిన వైద్యానికి సీపీటీ కోడ్ వేయాలి. బీమా కంపెనీ డబ్బు కట్టేది వాటిని బట్టే.

మామూలు చార్టు ఒకటి తీసుకుందాం. డాక్టరు ఒకచోట టైప్ 2 షుగర్ అన్నాడు, ఇంకోచోట దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, మూడో దశ అన్నాడు. దీనివల్లే అది వచ్చిందని ఎక్కడా రాయలేదు. బట్టీ పట్టిన అబ్బాయి ఇ11.9 వేసి ముందుకెళ్లిపోతాడు. అది ఏ ఇబ్బందులూ లేని షుగర్ కోడ్. నిబంధనల ప్రకారం, కిడ్నీ జబ్బుకు వేరే కారణం ఉందని డాక్టరు స్పష్టంగా చెబితే తప్ప రెండింటికీ సంబంధం ఉన్నట్టే లెక్క. కాబట్టి షుగర్‌తో వచ్చిన కిడ్నీ జబ్బు కోడ్ ఇ11.22 వేసి, దశ చెప్పడానికి ఎన్18.30 జత చేయాలి. కాలేజీలు పంచే పాత నోట్సులో ఇక్కడ ఎన్18.3 అనే ఉంటుంది. 2020 అక్టోబర్ నుంచి అది చెల్లదు. ఐసీడీ ఏటా అక్టోబర్ 1న, సీపీటీ జనవరి 1న మారుతుంటే, ఎప్పటిదో జిరాక్స్ కట్ట పంచే కాలేజీని ఏమనాలి?

అసలు కోడర్లకు గుర్తింపు ఇచ్చే సీపీసీ పరీక్షే పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసేది. అంటే తేలికని కాదు. 4 గంటల్లో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా దక్కవు. 70 శాతం రావాలి. ఏ పేజీ తిప్పాలో తెలిసినవాడే గట్టెక్కుతాడు.

"కాలేజీవాళ్లు సర్టిఫికెట్ ఇచ్చారు కదండీ, మళ్లీ ఈ పరీక్ష ఏంటి?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. కాలేజీది కోర్సు చదివినట్టు కాగితం. సీపీసీ ఇచ్చేది అమెరికాలోని కోడర్ల సంస్థ ఏఏపీసీ. అది పాసైనా, అనుభవం లేనివాళ్లకు చివర 'ఎ' అక్షరం, అంటే అప్రెంటిస్ అన్న గుర్తు ఉంటుంది. రెండేళ్ల పని అనుభవం చూపిస్తే తీసేస్తారు. ఏడాది అనుభవానికి 80 గంటల శిక్షణ తోడైనా సరే. ఫీజు కట్టేముందే ఈ సంగతి చెప్పే కాలేజీ అయితే నమ్మొచ్చు. పాఠం చెప్పేవాళ్లు ఎప్పుడైనా కోడర్‌గా పనిచేశారా అని కూడా అడగండి, మొహమాటపడకండి.

కోడింగ్‌ను కంప్యూటరే చేసేస్తుందట అన్న టెన్షన్ కూడా పిల్లల్లో ఉంది. తేలిక చార్టుల్లో సాఫ్ట్‌వేర్ ఇప్పటికే కోడ్లు సూచిస్తోంది. వాటిలో తప్పు పట్టగలిగే మనిషికి అనాటమీ రావాలి, నిబంధనలు రావాలి. జాబితా వల్లించేవాడికే ముందు ముప్పు.

ఇక్కడి మన తెలుగు సంఘం ఈ విషయంలో ఊరికే కూర్చోనక్కర్లేదు. ఈ ఊళ్లో కోడర్ల పనిని తనిఖీ చేసే ఆడిటర్ స్థాయికి ఎదిగిన తెలుగువాళ్లు ఉన్నారు, వాళ్లతో క్లాసులు చెప్పించొచ్చు. సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత తీసి ఆ ఏటి కోడ్ పుస్తకాలు రెండు సెట్లు కొని ఆఫీసులో ఉంచితే, విడిగా కొనలేని పిల్లలు ఆదివారం వచ్చి చూసుకుంటారు. కంపెనీ చార్టులు మాత్రం ఎవరూ బయటికి తేకూడదు. రోగి వివరాల విషయంలో అమెరికా హిపా చట్టం గట్టిది, ఉద్యోగం ఊడుతుంది. సాధనకు కావలసిన చార్టులు సీనియర్లే కల్పించి రాయాలి. తలా నాలుగు చార్టులు రాసిచ్చినా మొదటి నెల క్లాసులకు సరిపోతాయి.