నా బంగారు కేకులో వేలు పెడితే

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. బయట ముసురు. పొయ్యి మీద అల్లం టీ, ఓటీజీలో, అంటే కేకులు కాల్చే కరెంటు పొయ్యిలో, కేకు, ఒళ్లో పాత కథని కొత్తగా తిరగరాసిన పుస్తకం. ఇవన్నీ ఒకేసారి అమరడం మామూలు విషయం కాదు. టీ ఉన్న రోజు కేకు ఉండదు, కేకు ఉన్న రోజు కరెంటు ఉండదు, రెండూ ఉన్న రోజు చుట్టాలొస్తారు. మొన్న అన్నీ అమరాయి. అందువల్లే నేను ఒక మంత్రగత్తె తరఫున వకాల్తా పుచ్చుకోవలసి వచ్చింది.

పుస్తకం హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్లు అడవిలో మంత్రగత్తె చేతికి చిక్కే పాత జర్మన్ కథే. కాకపోతే మంత్రగత్తె చెబుతుంది. ఈమధ్య ఇదే నడుస్తోంది. సవతితల్లి మనసులో ఏముందో ఒకరు రాస్తారు, తోడేలు ఆకలి గురించి ఇంకొకరు. పాత కథల్లో దుర్మార్గులందరికీ ఒక్కసారిగా లాయర్లు దొరికేశారు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. "చెడ్డవాళ్లు చెడ్డవాళ్లేనండీ. వాళ్ల కష్టాలు వినేంత ఓపికుంటే కుక్కర్ గాస్కెట్ ఎక్కడ పెట్టారో వెతకండి" అంది. ఓటీజీ కొనకముందు నేను కుక్కర్లోనే, అడుగున ఉప్పు పోసి, విజిల్, గాస్కెట్ తీసేసి కేకు చేసేవాణ్ని. అప్పుడు తీసిన గాస్కెట్ ఇప్పటికీ దొరకలేదు. అది వేరే కేసు.

ఈ కేసు పూర్వాపరాలు చూద్దాం. జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు అచ్చు వేసిన కథలో మంత్రగత్తె ఇల్లు రొట్టెతో కట్టింది. పైకప్పు కేకు. కిటికీలు చక్కెరవి. పిల్లలిద్దరూ వచ్చారు. తలుపు కొట్టారా? లేదు. పిల్లవాడు పైకప్పు విరుచుకున్నాడు, పిల్ల కిటికీ కొరికింది. "నా ఇల్లు కొరికేదెవరు?" అని లోపలి నుంచి అడిగితే "గాలి, గాలి" అని చెప్పి, తినడం మాత్రం ఆపలేదు. ఆస్తి ధ్వంసం, పైగా అబద్ధం. ఒకరి ఆస్తిని కావాలని పాడుచెయ్యడం పాత శిక్షాస్మృతి ఐపీసీలోనూ నేరమే, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే. ఏడేళ్లలోపు పిల్లలకి మినహాయింపు ఉంది, నిజమే. ఏడుకీ పన్నెండుకీ మధ్య వాళ్లయితే, చేసేదేమిటో అర్థం చేసుకునే పరిపక్వత ఉందో లేదో చూడాలంటుంది చట్టం. అడవిలో దారి తప్పకుండా ఉండడానికి వెన్నెల్లో మెరిసే గులకరాళ్లు ఏరి జేబులో పోసుకున్న కుర్రాడి పరిపక్వత గురించి నాకైతే ఏ అనుమానమూ లేదు.

ఇంత జరిగాక ఆ ముసలావిడ ఏం చేసింది? లోపలికి పిలిచి పాలు, పంచదార చల్లిన పాన్‌కేకులు, ఆపిల్స్ పెట్టింది. పైకప్పు పీకినవాడికి మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఇందులో పదో వంతు మర్యాద చేస్తుందా? మర్నాడు అబ్బాయిని కొట్టంలో పెట్టి తాళం వేసింది, ఒళ్లు చేశాక వండుకుందామని రోజూ వేలు చాపించి తడిమి చూసేది, అదీ నిజమే. ఆ చిన్న విషయానికి తర్వాత వస్తాను.

"పాత కథని ఇలా మార్చెయ్యడం అపచారం" అనేవాళ్లుంటారు. మార్చడం మొదలుపెట్టింది గ్రిమ్ సోదరులే. 1812లో వాళ్లు మొదట అచ్చు వేసినప్పుడు పిల్లల్ని అడవిలో వదిలేద్దామన్నది కన్నతల్లి. 1840 నాటి కూర్పుకి వచ్చేసరికి ఆవిడ సవతితల్లి అయిపోయింది. కన్నతల్లి పరువు కాపాడడానికి ఎవరో ఊరూ పేరూ లేనావిడని ఇరికించారు. ఆ సౌకర్యం మంత్రగత్తెకి ఎందుకుండకూడదు?

అసలు నా కడుపుమంట వేరు. అది కేకు చేసేవాడికే తెలుస్తుంది. ఎనిమిదంగుళాల టిన్నుకే నాకు మూడు గుడ్లు, ఒకటిన్నర కప్పు మైదా, 100 గ్రాముల వెన్న అవుతాయి. వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలక్కొట్టేసరికి కుడి భుజం నాది కాకుండా పోతుంది. 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. మధ్యలో ఆత్రపడి తలుపు తెరిస్తే నడిమధ్యన గుంట పడుతుంది. మరి పైకప్పంతా కేకంటే ఎన్ని గుడ్లు? ఆ అడవిలో కోళ్లెక్కడివి? పోనీ గుడ్లు దొరికాయనుకుందాం. ముసురు రోజు మూత సరిగ్గా పెట్టకపోతే మా ఇంట్లో ఉస్మానియా బిస్కెట్ గంటలో మెత్తబడుతుంది. ఆవిడ చక్కెర కిటికీలు పెట్టుకుని అడవిలో, వానల్లో కాపురం చేసింది! అది ఏ పాకమో! పొయ్యి వేడెక్కిందో లేదో చూడడం నాకు తెలీదు, నువ్వే చూపించవ్వా అని గ్రెటెల్ అమాయకంగా అడిగితే, పాపం వంగి చూపించింది. వెనక నుంచి పొయ్యిలోకి ఒక్క తోపు. వంట నేర్పబోయిన మనిషికి గురుదక్షిణ. పోతూ పోతూ ముత్యాలు, రత్నాలు జేబుల్లో నింపుకున్నారు గానీ, పాకం కొలత రాసిపెట్టుకున్న కాగితం ఏదైనా ఉందేమో అని ఒక్కరూ వెతికిన పాపాన పోలేదు.

ఇంకో అనుమానం. అంత చక్కెర ఉన్నచోట చీమలు పట్టలేదా? మా వంటింటి గట్టు మీద ఒక్క పలుకు పడితే పది నిమిషాల్లో బారు కడతాయి. చీమ అనగానే మన ఏడు చేపల కథ గుర్తొచ్చింది. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, అందులో ఒకటి ఎండలేదు. విచారణ గడ్డిమోపుని, ఆవుని, పాలేరుని, అవ్వని, ఏడ్చిన పిల్లవాణ్ని దాటుకుంటూ చీమ దగ్గరికొచ్చి ఆగుతుంది. చీమ ఏమంది? "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది. అంతే, కథ కంచికి. చీమని ఎవరూ పొయ్యిలోకి తొయ్యలేదు. ముద్దాయి వాదన ఒక్క ముక్కలో విని, అదీ నిజమేలే అని ఎవరింటికి వాళ్లు పోయారు. రెండొందల ఏళ్లు ఆగి ఇప్పుడు వాళ్లు మూడొందల పేజీల్లో రాస్తున్న తిరగరాత, మన చీమ ఎప్పుడో నోటితోనే చెప్పేసింది. ఆ ముసలావిడకి రెండు తెలుగు ముక్కలు వచ్చుంటే బతికిపోయేది.

ఇక ఆ చిన్న విషయం. దాని సంగతి తేలుద్దామని పేజీ తిప్పానో లేదో, టీ పొంగింది.

స్టవ్ తుడుస్తుంటే బెల్ మోగింది. పై ఫ్లాట్ పిల్లలు, అన్నా చెల్లెలు.

"అంకుల్, మీ ఇంట్లోంచి వాసనొస్తోంది."

"కమ్మగా ఉందా?"

"మాడు వాసన."

టైమర్ పెట్టడం మర్చిపోయాను. చక్కెర కిటికీల దగ్గర ఆగిపోయిన మనిషికి టైమర్ ఏం గుర్తుంటుంది? 50 నిమిషాలైంది. అంచులు నల్లబడ్డాయి, మధ్య మాత్రం బంగారంలా ఉంది. చల్లారనివ్వమని చెప్పి కత్తి కోసం అటు తిరిగి ఇటు చూసేసరికి ఆ బంగారం నడుమ వేలంత చిల్లు.

"ఎవరు పెట్టారు వేలు?"

కుర్రాడు పైకి చూశాడు. "ఫ్యాను గాలికి అయ్యుంటుంది అంకుల్."

వాళ్లు గ్రిమ్ కథ చదవలేదు. కనుక్కున్నాను.

"నా బంగారు కేకులో వేలు పెడితే కుట్టనా?" అని గొంతు పెంచాను.

"కుడుదురుగాని అంకుల్, ముందు ముక్క కొయ్యండి" అంది చెల్లెలు.

మాడిన అంచులు నా వాటాకి వచ్చాయి. టీలో ముంచితే తెలీలేదు. ఈలోగా మా ఆవిడ పిల్లలిద్దరికీ పాలు కలిపి తెచ్చింది. అబ్బాయి చెయ్యి పట్టుకుని తడిమి చూసి, "మరీ పుల్లలా ఉన్నావేంట్రా! బాగా తిను. రోజూ రా, ఏదో ఒకటి పెడతాను" అంది. నేను ఉలిక్కిపడి ఆమె మొహంలోకి చూశాను. మామూలుగానే ఉంది.

పిల్ల అప్పటికే వంటింట్లో ఓటీజీ ముందు నిలబడి ఉంది.

"లోపల ఎర్రగా వెలిగేవి ఏంటంకుల్? మీరు వంగి చూపించండి."

మాది 28 లీటర్లది. అందులో నా తల కూడా పట్టదు. అయినా, "అద్దంలోంచి కనబడుతుంది, నువ్వే చూసుకో తల్లీ" అని నాలుగడుగులు వెనక్కి జరిగి గోడకి ఆనుకుని నిలబడ్డాను.