డాక్టరుగారు బీడీ రాశారు

మా పెదనాన్నకి బీపీ వచ్చి పదేళ్ళయింది, ఈ పదేళ్ళలో ఆయనకి ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా జాగ్రత్తపడ్డ మన వైద్య వ్యవస్థని ముందుగా అభినందించాలి. ఈ మధ్య కొంతమంది బయల్దేరారు, ఆరోగ్య అక్షరాస్యత పెంచాలంట, రోగికి తెలిసిన మాటల్లో చెప్పాలంట. నేను తీవ్రంగా ఖండిస్తున్నా. ఆ "ఆరోగ్య అక్షరాస్యత" అనే మాట మా అరుగు మీద నలుగురికి చెప్పి చూశా, ముగ్గురు రాత్రిబడి మళ్ళీ పెడుతున్నారా అన్నారు, నాలుగో ఆయన దానికి ఆధార్ జిరాక్స్ ఎన్ని కావాలి అన్నాడు.

అసలు మందుల చీటీ అర్థమైపోతే ఇంక డాక్టరు మీద భయభక్తులేం ఉంటాయండీ. పెదనాన్న చీటీలో బీపీ మాత్ర పక్కన బీడీ అని రెండక్షరాలు, కిందెక్కడో నో స్మోకింగ్ అని ఇంకో లైను. ఇంగ్లీష్ మీడియం మనవడు అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు, బీ, డీ. అంతే, పెదనాన్న మొహం వెలిగిపోయింది, "చూశావటే, డాక్టరుగారే రాశారు, మానెయ్యమన్నది సిగరెట్లు" అని పెద్దమ్మకి చూపించి అరుగు మీదకి పోయాడు. బీడీ అంటే లాటిన్లో రోజుకి రెండుసార్లు వేసుకోమని. ఓడీ అంటే రోజుకొకటి, హెచ్ఎస్ అంటే పడుకోబోయే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. రోమ్‌లోనే ఎవరూ మాట్లాడని భాషని మా ఊరి మెడికల్ షాపులో బతికిస్తున్నాం, దీనికి మెచ్చుకోవాల్సింది పోయి విమర్శలా! 2016లో మెడికల్ కౌన్సిల్ వాళ్ళు కూడా మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే క్యాపిటల్ లెటర్స్‌లో రాయండి అన్నారు. ఆ "వీలైతే" అనే మాట పెట్టిన మహానుభావుడెవరో గానీ దణ్ణం పెట్టాలి, అప్పట్నుంచి మా డాక్టరుగారికి వీలవ్వలేదు.

డైట్ ఛార్ట్ సంగతి చెప్తా. కార్పొరేట్ హాస్పిటల్లో కలర్ పేపర్ మీద ఇచ్చారు, ఓట్స్, బ్రోకలీ, ఆలివ్ ఆయిల్, ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదు. పెద్దమ్మ జన్మలో ఉప్పు తూచలేదు, ఆవిడ లెక్క వేళ్ళకి పట్టినంత. చిన్న చెంచాడు, పచ్చడి అప్పడం మజ్జిగలో వేసుకునేది అన్నీ కలిపి, అని చెప్పుంటే ఆవిడకి తెలిసిపోయేది, అందుకే చెప్పలేదు. ఆ కాగితం అంతా వెతికి, ఆవకాయ అనే పేరు ఎక్కడా లేదు కాబట్టి ఆవకాయ తినొచ్చు అని ఇంటిల్లిపాదీ తీర్మానం చేశారు. పికిల్స్ అని ఉంది లెండి, అది సూపర్ మార్కెట్లో సీసాల్లో దొరికేది, మనకెందుకు. ఇంక పథ్యం ఏంటండీ అని అడిగితే "నార్మల్ డైట్" అన్నారట. పథ్యం చెప్పని డాక్టరుని మా వైపు సగం డాక్టరు అంటారు.

సబ్ సెంటర్ గోడ మీద మాత్రం అచ్చతెలుగే, "అసంక్రమిత వ్యాధుల నివారణ మన అందరి బాధ్యత". పెదనాన్న రోజూ ఆ గోడకే సైకిల్ ఆనిస్తాడు. బీపీ, షుగర్ అని రాస్తే భాష ఏమైపోవాలి!

ఎక్కడో ఒకచోట పొరపాట్లు జరిగినమాట నిజం. 2005లో అంబులెన్స్‌కి 108 అని నెంబర్ పెట్టారు, అష్టోత్తరాలు చదువుకునే జనం కదా, ఎవరూ ఎవరికీ నేర్పించక్కర్లేకుండా ముసలమ్మలకి కూడా నోటికొచ్చేసింది. ఇలాంటివి మళ్ళీ జరక్కుండా చూసుకోవాలి.

అయినా చదవటం వస్తే మాత్రం ఏం ఒరిగింది? విరేచనాలకి తాగించే ఉప్పు-చక్కెర ద్రావణం పేరు, ఓఆర్ఎస్ అనే మూడక్షరాలు, జనం బాగానే నేర్చుకున్నారు, విరేచనాలైన పిల్లాడికి ఆ మూడక్షరాలున్న డబ్బా కొని తాగించారు, తీరా చూస్తే కొన్నింట్లో ఉన్నది చక్కెర దండిగా పోసిన జ్యూసు. హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు తీసెయ్యమంది. ఇప్పుడు అమాయకులెవరంటే చదవటం వచ్చినవాళ్ళే.

వీటన్నిటికీ మించిన ప్రమాదం మా మెడికల్ షాపు కుర్రాడు. ఇంటర్ తప్పాడు. స్ట్రిప్పు కత్తిరించి, కాగితం కవరు మీద పెన్నుతో సూర్యుడి బొమ్మ ఒకటి, చందమామ ఒకటి గీస్తాడు, మధ్యాహ్నానికి కొట్టివేత. "తిన్నాక వేసుకో పెదనాన్నా, తగ్గిందని ఆపెయ్యమాకు, మాత్ర వేసుకుంటున్నావు గనకే తగ్గింది" అంటాడు. బీడీ సంగతి కూడా తేల్చింది వాడే. మొన్న ఆవకాయ గురించి అడిగితే "ఆదివారం ఒక్కరోజు, ఒక్క ముక్క, ఊట ముట్టుకోమాకు" అన్నాడు. డాక్టరు కాదు, డైటీషియన్ కాదు, ఏ అధికారంతో అంటాడండీ ఆ మాట? పెదనాన్న ఇప్పుడు ఆదివారం ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ చూస్తున్నాడు.