చావదు కదా అని తెచ్చి పెట్టుకుంటే...

"మెక్సికన్ పెటూనియా వేసుకోండి, నీళ్ళు పోయకపోయినా చావదు, నిటారుగా పెరుగుతుంది కాబట్టి పాకదు, ఎక్కువైతే పీకేస్తే సరి" అనే మెసేజ్ ఈ మధ్య తెగ తిరుగుతోంది. ఆ ఊదా పూలు బాగుంటాయి, అందులో పేచీ లేదు. పేచీ మిగతా అన్నిటితోనూ.

అసలు అది పెటూనియానే కాదు. పెటూనియాది వంకాయ, టమాటాల కుటుంబం. దీని అసలు పేరు రుయెల్లియా, దీనిది కనకాంబరం, అడ్డసరం కుటుంబం.

నీళ్ళు లేకపోయినా బతుకుతుందన్నది నిజమే. కానీ చిత్తడి నేలలోనూ అంతే హాయిగా పెరుగుతుందన్న మాట మాత్రం చెప్పరు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇది తోటల్లోంచి బయటపడి తడి నేలల్ని ఆక్రమించింది అందుకే.

ఇక పాకదట! తీగలా పాకదు, నిజమే, దూకుతుంది. ఎండిన కాయ ఒకటి తెంపి, దాని మీద నీటిచుక్క వేసి చూడండి, కాసేపటికి టప్‌మని పగిలి గింజలు ఎగిరిపడతాయి. దీని దగ్గరి బంధువు ఒకటి గింజల్ని 7 మీటర్ల దాకా విసరగలదని కొలిచి మరీ చూశారు. పడ్డ గింజ తడిస్తే సబ్జా గింజలా జిగురు కట్టి నేలకి అతుక్కుంటుంది, అంటే వాన పడినప్పుడే కాయ పేలుతుంది, అదే వానకి గింజ మొలకెత్తడానికి కుదురుకుంటుంది కూడా. పొట్టి రకం తెచ్చుకున్నా ఇంతే, అదీ గింజలు వేస్తుంది.

పీకేస్తే సరి అన్నాయన ఒక్కసారైనా పీకాడా అని నా అనుమానం. నేను పీకాను. కాడ చేతిలోకి వస్తుంది, మట్టిలోని దుంపవేరు ముక్కలై అక్కడే ఉండిపోతుంది, మళ్ళీ ముక్కకో పిలక. పీకిన కాడల్ని కంపోస్టులో వేస్తే అక్కడా వేళ్ళు దిగుతాయి, అది నా రెండో తప్పు.

గింజ కట్టని రకాలూ ఉన్నాయి, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళే తయారుచేశారు. అవి నయమే, కానీ వేరుతో వ్యాపించడం వాటికీ ఉంది. కాబట్టి ఏ రకమైనా తొట్టిలోనే పెట్టండి, ఆ తొట్టి కూడా మట్టి మీద కాకుండా గచ్చు మీద ఉండాలి, లేదంటే అడుగు చిల్లుల్లోంచి వేరు దిగిపోతుంది. మామూలు రకమైతే కాయలు పచ్చిగా ఉండగానే, వాన రాకముందే కత్తిరించేయండి. వాన వెలిశాక వెళ్తే మీకు దొరికేది ఖాళీ తొక్కలే.