పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చిన్న యుద్ధం జరిగింది. అంటించింది నేనే. అక్కడ సగం మాటే చెప్పనిచ్చారు కాబట్టి మిగతా సగం ఇక్కడ రాసుకుంటున్నా. పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

గొడవంతా రణపాల మొక్క గురించి. విజయవాడలో ఇప్పుడు ఏ బాల్కనీలో చూసినా తులసి కోట పక్కన ఒక రణపాల కుండీ ఉంటోంది. మూడో ఫ్లోర్ అంకుల్ గారు ఎప్పటిలాగే పొద్దున్నే ఒక ఫార్వర్డ్ పెట్టారు. రోజూ పరగడుపున రెండాకులు నమిలితే కిడ్నీలో రాళ్ళు కరిగిపోతాయట, వేల ఏళ్ళ కిందటే మన ఋషులు చెప్పారట. ఇంటర్ పిల్లలకి పదిహేడేళ్ళుగా బోటనీ చెప్తున్నదాన్ని, నోరు ఊరుకోలేదు. "అంకుల్ గారూ, ఆ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. రాళ్ళ సంగతి డాక్టర్ని అడగండి. కానీ ఆ ఆకులో నిజంగానే ఒక వింత ఉంది, దాన్ని రెండొందల ఏళ్ళ కిందట రాసిపెట్టినాయన మన సామర్లకోటలో పనిచేసిన ఒక మిషనరీ" అని టైపు చేశా.

మిషనరీ అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయారు.

"మతం మార్చడానికి వచ్చినవాళ్ళకి మన ఆకులతో ఏం పని మేడమ్?" అని ఒకరు. ఐదు నిమిషాల్లో ఫస్ట్ ఫ్లోర్ ఆంటీ, "చూశారా, దేవుని సేవకులు ఈ దేశానికి ఎంత చేశారో" అని ఆరు దండాల బొమ్మలు. ఇంక చూస్కోండి. మధ్యాహ్నానికి నూట నలభై మెసేజ్‌లు. చివరికి సెక్రటరీ గారు గ్రూపుకి తాళం వేశారు. నా బాధల్లా ఒక్కటే. ఆ నూట నలభైలో ఒక్కరంటే ఒక్కరు "ఏంటా వింత?" అని అడగలేదు.

సరే, అడక్కపోయినా చెప్తా.

ఆయన పేరు బెంజమిన్ హైనే. జర్మన్. పుట్టింది 1770లో. మొరేవియన్లని ఒక ప్రొటెస్టెంటు శాఖ ఉంది, సాక్సనీలోని హెర్న్‌హూట్ అనే ఊరు వాళ్ళకి కేంద్రం. చేతి పని చేసుకుని తమ తిండి తామే సంపాదించుకోవడం వాళ్ళ పద్ధతి. తమిళనాడు తీరంలో తరంగంబాడి అప్పట్లో డెన్మార్క్ వాళ్ళది. అక్కడ 1760లో ఈ మొరేవియన్లు ఒక తోట వేసుకుని కాపురం పెట్టారు. హైనే వచ్చి చేరింది ఆ గుంపులోనే. మా గ్రూపులో ఇరుపక్షాల వాళ్ళూ గమనించాల్సిన ముచ్చట ఏంటంటే, మతం మార్చిన లెక్కలు తీస్తే ఆ మిషన్ దాదాపు గుండుసున్నా. వచ్చినవాళ్ళలో చాలామంది జ్వరాలతో పోయారు, మారినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, 1800 దాటిన కొద్దేళ్ళకే దుకాణం కట్టేశారు. తిట్టేవాళ్ళకీ, దండం పెట్టేవాళ్ళకీ ఇద్దరికీ పనికిరాని మిషన్ అది.

కానీ తరంగంబాడికి ఒక వాసన ఉంది. అక్కడికి వచ్చినవాళ్ళకి మొక్కల పిచ్చి పట్టేది. 1768లో మిషన్ డాక్టరుగా వచ్చిన యోహాన్ కోనిగ్ సాక్షాత్తూ లిన్నేయస్ శిష్యుడు. మొక్కకి రెండు ముక్కల లాటిన్ పేరు పెట్టే పద్ధతి తెచ్చినాయన దగ్గర నేరుగా చదువుకున్నాడు. ఆ కోనిగ్ 1785లో పోయింది ఎక్కడనుకున్నారు? మన కాకినాడ జగన్నాథపురంలో. చివరి రోజుల్లో వైద్యం చేసింది, సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ మొక్కల తోట చూసుకునే డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. ఆ రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకి వెళ్ళిపోతే, ఖాళీ అయిన కుర్చీలో కంపెనీ కూర్చోబెట్టింది మన హైనేని. మిషన్ మనిషి అలా ఈస్టిండియా కంపెనీ బోటనిస్టు అయ్యాడు. తర్వాత కంపెనీలో సర్జన్ కూడా అయ్యాడు, కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ చేసిన మైసూరు సర్వేలో తిరిగాడు, బెంగళూరు లాల్‌బాగ్‌ని కొంతకాలం చూసుకున్నాడు. 1819లో మద్రాసులో పోయాడు. అప్పటికి యాభై కూడా నిండలేదు.

(గుంటూరు వాళ్ళకి ఒక మనవి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ పాస్టరు హేయర్ వేరు, ఈ హైనే వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని కలిపేయకండి. నాది గుంటూరే. చిన్నప్పుడు మిషనరీ అంటే నాకు ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి, అంతే. మిషనరీకి మొక్కలు కూడా ఉంటాయని ఎవరూ చెప్పలేదు.)

ఇప్పుడు ఆ వింత. 1813లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో హైనే రాసిన ఒక ఉత్తరం చదివారు. 1815లో అది అచ్చయింది, మొత్తం రెండు మూడు పేజీలు. అందులో ఉన్నదేంటంటే, రణపాల ఆకు పొద్దున్నే నమిలితే చుక్కకూర జాతి ఆకంత పుల్లగా, ఇంకా చెప్పాలంటే అంతకన్నా పుల్లగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ ఆ పులుపు తగ్గుతుంది. మధ్యాహ్నానికి ఏ రుచీ ఉండదు. సాయంత్రానికి కొంచెం చేదు తిరుగుతుంది.

అంతే ఉత్తరం. లేబరేటరీ లేదు, యంత్రం లేదు. ఒక ఆకు, ఒక నాలుక, మూడు పూటలు.

దీని వెనక ఏముందో తేలడానికి వందేళ్ళకి పైనే పట్టింది. మామూలు మొక్కలు పగలు ఆకుల మీది పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి. రంధ్రాలు తెరిస్తే గాలి లోపలికొస్తుంది గానీ నీళ్ళు ఆవిరై బయటికి పోతాయి. ఎండ మండే చోట పెరిగే రణపాలలాంటి వాటికి అది కుదరదు. అందుకని అవి పగలంతా తలుపులు బిగించుకుని రాత్రి తెరుస్తాయి. రోహిణి కార్తెలో మన తాతలు పగలు కిటికీలు మూసుకుని రాత్రి డాబా మీద పడుకునేవాళ్ళు చూడండి, అదే తెలివి. రాత్రి పీల్చింది మాలిక్ ఆమ్లంగా మారి కణంలోని రిక్తికలో (నీటి సంచి లాంటిది) దాక్కుంటుంది. పొద్దున మన నాలుకకి తగిలే పులుపు అదే. తెల్లారాక ఆ ఆమ్లాన్ని విడగొట్టి, వెలుతురులో వంట మొదలుపెడుతుంది మొక్క. పులుపు ఖర్చయిపోతుంది. అంతకు ముందు 1804లోనే జెనీవాలో డి సాసూర్ అనే ఆయన నాగజెముడు జాతి మొక్కలు రాత్రి పూట కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకుంటున్నాయని చూశాడు. ఈ ఇద్దరు గమనించిందే తర్వాత సైన్సు అయింది. 1940లలో దానికి క్రాసులేసియన్ ఆసిడ్ మెటబాలిజం అని పేరు పెట్టారు. నీట్ రాసే పిల్లలందరికీ తెలిసిన సీఏఎం.

తెలిసిన అంటున్నా గానీ, ఏం తెలుసు? నాలుగు ఆప్షన్లలో కరెక్టుది టిక్ పెట్టడం తెలుసు.

ఇక్కడ నా అసలు కడుపుమంట. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో (పేరెందుకు, విజయవాడ చుట్టుపక్కల అన్నీ ఒకటే) ఈ పాఠం వచ్చిన రోజు టిఫిన్ బాక్సులో ఆకులు తీసుకెళ్ళా. పొద్దున ఆరింటి స్టడీ అవర్లో ఒక్కొక్కరికీ గోరంత ముక్క ఇచ్చి, "నమిలి ఉమ్మేయండి, రుచి రాసుకోండి" అన్నా. మధ్యాహ్నం ఇంకో ముక్క, సాయంత్రం ఇంకోటి. ఈ ప్రయోగానికి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే చోట కదలకుండా ఉండే మనుషులు కావాలి. మన జూనియర్ కాలేజీలని మించిన చోటు ప్రపంచంలో ఎక్కడుంది చెప్పండి! పిల్లలు ముఖాలు చిట్లించి, నవ్వి, ఆరోజు మొదటిసారి నన్ను ఎగ్జామ్‌లో రాని ప్రశ్న అడిగారు. "మేడమ్, మరి మబ్బు పట్టిన రోజు పులుపు అలాగే ఉంటుందా?" అని.

మర్నాడు నన్ను పైకి పిలిచారు. వీక్లీ టెస్టు ముందు టైమ్ వేస్ట్ చేస్తున్నానని, పిల్లలకి ఏవో ఆకులు తినిపిస్తున్నానని కంప్లయింట్. మబ్బు ప్రశ్నకి ఆరోజు జవాబు చెప్పలేకపోయా. ఆ ఏడాది చివర మానేశా. అదొక్కటే కారణం కాదులెండి, జీతం కూడా.

ఇంతకీ ఆ ఆకు ఎందుకు ఉమ్మేయమన్నానంటే, రణపాలలో గుండె మీద పనిచేసే పదార్థాలు ఉంటాయి, బుఫాడయీనొలైడ్లు అంటారు. ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కలు మేసి పశువులు చచ్చిపోవడం రైతులకి తెలిసిన విషయమే. మా పెదనాన్న ఆరు నెలలు పరగడుపున నమిలారు. రాయి కరగలేదు సరికదా, పెరిగి అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సొచ్చింది. ఆరు నెలలూ రోజూ పొద్దున్నే తిన్నాయన, పుల్లగా ఉందని పెద్దమ్మతో ప్రతిరోజూ విసుక్కున్నాయన, సాయంత్రం ఒక్కసారైనా నమిలి చూడలేదు. ఆయన తప్పేం కాదు. ఫార్వర్డులో పరగడుపున అని ఉంది మరి.

మళ్ళీ హైనే దగ్గరికి. 1814లో లండన్‌లో ఆయన వ్యాసాలన్నీ ఒక పుస్తకంగా వచ్చాయి. మన పాత కృష్ణా జిల్లా వాళ్ళు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. నూజివీడు దగ్గర రమణక్కపేటలో ఇనుము కరిగించే కొలుముల గురించి ఉంది. ఇప్పుడు ఇండస్ట్రియల్ పార్కు అని పేపర్లో వచ్చే మల్లవల్లి ఉంది చూశారూ, అక్కడి వజ్రాల గనుల గురించి ఉంది. ఉత్తర సర్కార్లు, అంటే మన కోస్తా జిల్లాలు, ఇంగ్లీషు వాళ్ళకి ఇచ్చేసినా, వజ్రాలు దొరికే కొన్ని ఊళ్ళు మాత్రం నిజాం తన దగ్గరే పెట్టుకున్నాడని రాస్తూ పేర్లు చెప్తాడు. స్పెల్లింగులు వంకర పోయాయి గానీ గుర్తుపట్టొచ్చు, పరిటాల, కొడవటికల్లు, అటుకూరు. హైదరాబాద్ బస్సెక్కి కంచికచర్ల దాకా వెళ్తే పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం కనిపిస్తుంది. చుట్టూ ఇంగ్లీషు వాళ్ళ జిల్లా ఉన్నా దేశానికి స్వాతంత్ర్యం వచ్చే నాటికి కూడా ఆ ఊరు నిజాం చేతిలోనే ఉండటానికి మూలం ఈ లెక్కే.

ఇక్కడ ఫస్ట్ ఫ్లోర్ ఆంటీకి కూడా ఒక మాట. ఆయన ఇనుము, వజ్రాలు, మొక్కలు చూసి రాసింది మన మీద ప్రేమతో అనుకోకండి. జీతం ఇచ్చింది కంపెనీ. ఎక్కడ ఏం దొరుకుతుంది, ఎంత గిడుతుంది అన్నది కంపెనీకి కావాలి. కరువులో జనం పిట్టల్లా రాలిన నేల మీద మిరియాలు, నీలిమందు పండుతాయా లేదా అని చూడ్డానికి పెట్టిన తోట సామర్లకోట తోట. అందులో సేవ వెతకడం నావల్ల కాదు.

నాకు ఇంకో కోపం కూడా ఉంది, అది ఎవరి మీద చూపించాలో తెలియదు. రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల గురించి మూడొందల బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు. అందులో మొక్కలకి తెలుగు పేర్లు ఉన్నాయి, మోదుగని మోదుగ అనే రాశాడు. ఆ పేరు ఆయనకి ఎవరు చెప్పారు? ఏ గొర్రెల కాపరి, ఏ మందులమ్మి? బొమ్మలు గీసింది మనవాళ్ళే, వాళ్ళ పేర్లు లేవు. హైనే పంపిన ఎండు మొక్కలు చూసి జర్మనీలో రోత్ అనే ఆయన 1821లో ఒక పుస్తకమే రాశాడు. హైనే పేరు మీద ఒక ప్రజాతి ఉంది, హైనియా అని. ఆ మొక్కల కోసం అడవిలో ముందు నడిచి దారి చూపించినవాళ్ళ పేరు మీద గడ్డిపోచ కూడా లేదు. అయితే ఈ కోపం పడాలంటే ముందు ఆ పుస్తకాలు తెరవాలి కదా. మిషనరీ రాశాడని ఒకరు ముట్టుకోరు, మిషనరీ రాశాడు చాలని ఇంకొకరు తెరవరు.

గ్రూపు తాళం తీశాక ఎవరూ ఆ ఊసెత్తలేదు. కానీ నాలుగో ఫ్లోర్లో ఇంటర్ ఫస్టియర్ అమ్మాయి ఒకతి ఉంది. రాత్రి తొమ్మిదింటికి విడిగా మెసేజ్ పెట్టింది. "ఆంటీ, అంకుల్ వాళ్ళ కుండీలోంచి మూడు ఆకులు కోశా, చెప్పకండి. పొద్దున పులుపు నిజమే. మధ్యాహ్నం చప్పగా ఉంది, అదీ నిజమే. కానీ సాయంత్రం చేదు అన్నారు కదా, నాకు చేదేం తగల్లేదు."

నాకూ ఎప్పుడూ తగల్లేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, పెద్దాయన రాశాడు కదా నా నాలుకదే తప్పేమో అనుకున్నా. ఈ వారం ఎండ బాగా కాసిన రోజు ఇద్దరం కలిసి మళ్ళీ చూద్దామని రిప్లై ఇచ్చా. ఆకులు మాత్రం ఈసారి మా కుండీలోవే కోయమన్నా.