ఫ్రేమ్‌వర్క్ కన్నా ముందు బ్రౌజర్ నేర్చుకోండి

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ బోర్డులు చదువుతూ నడిస్తే, ఫ్రంట్ ఎండ్ డెవలపర్ (వెబ్‌సైట్‌లో మనకు కనిపించే భాగాన్ని రాసేవారు) కావాలనుకునే పిల్లలకు టెన్షన్ ఎందుకో అర్థమవుతుంది. రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ, నెక్స్ట్ జేఎస్, టైప్‌స్క్రిప్ట్, టెయిల్‌విండ్... వీటిలో చాలావరకు ఫ్రేమ్‌వర్క్‌లు, అంటే వెబ్‌సైట్ కట్టడానికి ముందే సిద్ధం చేసిన కోడ్ చట్రాలు. ఏది ముందు? అన్నీ రావాలా? చాలామంది జవాబు కోసం ఉద్యోగ ప్రకటనలు చూస్తారు. అవి ఈ ఏడాది ఏం కావాలో చెబుతాయి. నేర్చుకునేవారు మాత్రం పాతికేళ్లో ముప్పై ఏళ్లో ఇదే పనిలో బతకాలి. అందుకే, దేనికి గిరాకీ ఉందో చూసే ముందు ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలంటాను.

యాంగ్యులర్ జేఎస్ సంగతే తీసుకోండి. 2010లో గూగుల్ నుంచి వచ్చింది, బాగా పాకింది. 2016 సెప్టెంబరులో యాంగ్యులర్ 2 విడుదలైంది. పేరు దాదాపు అదే గానీ లోపలంతా కొత్తగా రాశారు. డేటాను తెరకు కలిపే స్కోప్, కంట్రోలర్ అనే పాత పద్ధతులు పోయాయి. కాంపోనెంట్లు (పేజీని ముక్కలుగా కట్టే భాగాలు), టైప్‌స్క్రిప్ట్ (డేటా రకాలు చెప్పి రాసే జావాస్క్రిప్ట్) వచ్చాయి. పాత ప్రాజెక్టులను చాలావరకు తిరగరాయాల్సిందే. 2021 డిసెంబర్ 31తో పాతదానికి గూగుల్ సపోర్ట్ కూడా ఆగిపోయింది. స్కోప్ ఎలా వాడాలో మాత్రమే కంఠస్థం చేసినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. క్లోజర్ (ఫంక్షన్ తన చుట్టూ ఉన్న వేరియబుల్స్‌ను గుర్తుపెట్టుకోవడం) అంటే ఏమిటో, క్లిక్ లాంటి ఈవెంట్ లోపలి ట్యాగ్ నుంచి బయటి ట్యాగ్‌లకు ఎలా పాకుతుందో, సర్వర్ నుంచి జవాబు వచ్చేలోపు కోడ్ ఏం చేస్తుందో తెలిసినవాళ్లకు మారింది రాసే పద్ధతి మాత్రమే.

రియాక్ట్ కూడా నిలకడగా ఏమీ లేదు. 2013లో బయటికొచ్చిన ఈ లైబ్రరీలో 2019 ఫిబ్రవరిలో హుక్స్ (మామూలు ఫంక్షన్‌గా రాసిన కాంపోనెంట్‌లోనే మారే డేటాను ఉంచుకునే వీలు) వచ్చాక, క్లాస్ కాంపోనెంట్లు క్రమంగా పాతబడ్డాయి. ఎన్నో పాఠాలు మొదలయ్యే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే, ప్రాజెక్టును సిద్ధం చేసిపెట్టే టూల్‌ను కొత్త ప్రాజెక్టులకు వాడొద్దని 2025లో రియాక్ట్ బృందమే చెప్పింది.

బ్రౌజర్, అంటే అది నేరుగా అర్థం చేసుకునే హెచ్‌టీఎంఎల్ (పేజీ నిర్మాణం), సీఎస్ఎస్ (రూపం), జావాస్క్రిప్ట్ (పనితీరు), తీరు వేరు. అది కొత్తవి చేర్చుకుంటుంది, పాతవాటిని తీసేయడం చాలా అరుదు. తొలినాటి వెబ్ పేజీలు నేటి క్రోమ్‌లోనూ తెరుచుకుంటాయి. పేజీని అడ్డు, నిలువు గడులుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ 2017లో ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చింది. ఆ రోజు నేర్చుకున్నది ఈ రోజుకూ పనికొస్తోంది. జేక్వెరీ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ చేసిపెట్టిన పనుల్లో చాలావాటిని తర్వాత బ్రౌజర్లే నేరుగా చేయడం మొదలుపెట్టాయి. పాత సైట్లలో కనిపిస్తే చదివి అర్థం చేసుకునేంత వస్తే చాలు.

"హెచ్‌టీఎంఎల్‌దేముంది, రెండు రోజుల పని" అనే మాట నాకు బాధ కలిగిస్తుంది. బటన్ ట్యాగ్ వాడాల్సిన చోట ఉత్త పెట్టె లాంటి డివ్ ట్యాగ్ పెట్టి, దానికి క్లిక్ తగిలిస్తే మౌస్‌తో పని జరుగుతుంది. కీబోర్డుతో ట్యాబ్ నొక్కుతూ వచ్చేవారికి అది అందదు. చూపు లేనివారి స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. ఏ ఫ్రేమ్‌వర్క్ వాడినా ఈ లోపం దానంతటది పోదు. మన భాష సంగతీ అంతే. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా ఎత్తు బిగించిన పెట్టెలో తెలుగు పెడితే కింది వత్తులు తెగిపోతాయి, పై గుడులు నలిగిపోతాయి. లైన్ హైట్ (వరుస ఎత్తు), ఓవర్‌ఫ్లో (పెట్టె దాటిన భాగం ఏమవ్వాలో చెప్పేది) తెలిసినవారు దీన్ని నిమిషాల్లో సరిచేస్తారు. ఏఐ టూల్స్ క్షణాల్లో కాంపోనెంట్ రాసిస్తున్న ఈ రోజుల్లో, వచ్చిన కోడ్‌లో ఇలాంటి తప్పు పట్టగలిగేవారికే విలువ పెరుగుతుందని నా నమ్మకం.

నా ఎంపిక అడిగితే, మొదటి నాలుగైదు నెలలు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ మాత్రమే. గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే టూల్) పక్కనే అలవాటైపోతుంది. ఆ తర్వాత ఒకే ఒక్క ఫ్రేమ్‌వర్క్. ఉద్యోగాలు ఎక్కువ కాబట్టి చాలామందికి రియాక్ట్ సరైనది. చేరాలనుకున్న కంపెనీలో యాంగ్యులర్ ప్రాజెక్టులుంటే అదే తీసుకోండి, నష్టం లేదు. దాంతోపాటే టైప్‌స్క్రిప్ట్ మొదలుపెట్టండి. జావాస్క్రిప్ట్ మీద పట్టున్నవారికి అది కొత్త భాషలా అనిపించదు. టెయిల్‌విండ్ (సీఎస్ఎస్ కోసం), రిడక్స్ (డేటా నిర్వహణ కోసం) లాంటివి ప్రాజెక్టు అడిగినప్పుడు చూసుకోవచ్చు.

వేలకు వేలు ఫీజు కట్టే ముందు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క విషయం అడగండి: ఫ్రేమ్‌వర్క్ ముట్టుకోకుండా జావాస్క్రిప్ట్‌కు ఎన్ని వారాలు కేటాయిస్తారు? ఒక వారంలో ముగించి రియాక్ట్‌లోకి వెళతామంటే, ఆ కోర్సులో చేరకండి.