పెద్ద గిటార్ బొమ్మ కాదు, బాబాయ్

టీవీ షో కోసం మేడంత ఎలక్ట్రిక్ గిటార్ కట్టి వాయించారన్న వీడియో ఎప్పుడు వచ్చినా, దాని వెనకాలే వాట్సాప్‌లో ఒక మెసేజ్ బయల్దేరుతుంది. అందులో ఉండేది ఇంతే: అదంతా సెట్టింగు, అట్టలకు రంగేసి నిలబెట్టారు, అంత పెద్ద గిటార్ అయితే ఊరంతా మోగాలి, యాంప్ (చప్పుడు పెంచే యాంప్లిఫయర్) పెట్టారంటేనే మోసం, అంత లావు తీగలు మోగవు, ఒక్క మనిషి వాయించలేనిది వాయిద్యం కాదు, పైగా కోట్లు తగలేశారు. మా ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయ్ దీన్ని ఇప్పటికి మూడుసార్లు పంపాడు. పెద్దాయన కాబట్టి గ్రూపులో ఏమీ అనలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ముందు సెట్టింగు, కోట్లు అన్న మాటల సంగతి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం కాన్రో ఊళ్లోని ఒక సైన్స్ స్కూలు పిల్లలు 1999లో మొదలుపెట్టి కట్టిన ఎలక్ట్రిక్ గిటార్ గిన్నిస్ రికార్డుకెక్కింది. పొడవు 13.29 మీటర్లు, బరువు 900 కిలోల పైచిలుకు. గిటార్ల కంపెనీ గిబ్సన్ వాళ్ల 'ఫ్లయింగ్ వీ' మోడల్‌ను చూసి కట్టారు. 2000 జూన్ 6న దాన్ని మోగించారు. అయిన ఖర్చు 3,000 డాలర్లు, అప్పటి లెక్కలో లక్షా ముప్పై వేల రూపాయల చిల్లర. ఆ డబ్బుతో మన దగ్గర ఒక మోస్తరు పెళ్లి స్టేజీ డెకరేషన్ కూడా అవదు.

'ఊరంతా మోగాలి' అన్నదే అసలు తిరకాసు. మామూలు గిటార్‌లో, వీణలో డొల్లగా ఉండే భాగం తీగ చప్పుడును పెంచుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ డొల్ల ఉండదు, చాలావరకు గట్టి చెక్కే. తీగల కింద పికప్ ఉంటుంది. అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ ఊగితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. యాంప్ పెద్దది చేసేది ఆ కరెంటునే. నమ్మకపోతే ఎవరి దగ్గరైనా ఎలక్ట్రిక్ గిటార్ తీసుకుని యాంప్ ఆన్ చేసి, పికప్ మీద ఇనప స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా తట్టండి. స్పీకర్‌లో టక్కుమంటుంది. తీగ ముట్టుకోకుండానే చప్పుడు! అదే ఉక్కు తీగలు తీసేసి నైలాన్ తీగలు కట్టి మీటండి, పికప్‌కు వినబడదు. కాబట్టి యాంప్ పెట్టడం మోసం కాదు, ఎలక్ట్రిక్ గిటార్‌లో అది సగభాగం.

1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే అమెరికన్ గిటార్ వాద్యకారుడు నాలుగంగుళాల మందం దుంగకు తీగలు, పికప్ బిగించి వాయించాడు. దుంగను చూసి జనానికి నచ్చలేదు. మామూలు గిటార్‌ను నిలువుగా కోసి రెండు ముక్కలూ దుంగకు అటూ ఇటూ తగిలించాక ఒప్పుకున్నారట. మన పాలకొల్లు శ్రీనివాస్ గారి మాండలిన్‌ది కూడా ఇదే కథ. చిన్న పలకలాంటి ఎలక్ట్రిక్ మాండలిన్, ఐదు తీగలు, దాంతోనే సభలు నింపేశారు. సైజును బట్టి చప్పుడైతే ఆయన కచేరీ ముందు వరసకు కూడా వినబడకూడదు.

ఇక తీగల సంగతి. ఇక్కడ బాబాయ్ మెసేజ్ సగం నిజానికి దగ్గరగా వెళ్లి పక్కకు తప్పుకుంది. లావు సమస్య కాదు, పొడవు సమస్య. మామూలు గిటార్‌లో తీగ మోగే పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. అన్నిటినీ 12 రెట్లు పెంచామనుకోండి, 7.8 మీటర్లవుతుంది. అదే స్వరం రావాలంటే తీగ లోపలి ఒత్తిడి 144 రెట్లు పెరగాలి. లావు తీగ వేసినా సన్న తీగ వేసినా ఈ లెక్క మారదు, ఎందుకంటే లావు పెరిగితే బరువూ అంతే పెరుగుతుంది. మామూలు గిటార్ మీదే సన్న తీగ బిగిస్తూ బిగిస్తూ ఫట్‌మని ముఖం మీదకు తెంచుకున్నవాళ్లకు 144 రెట్లంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. ఏ ఉక్కూ ఆగదు.

పోనీ ఒత్తిడి పాతదే ఉంచితే? స్వరం మూడున్నర స్థాయిలు కిందికి దిగిపోతుంది. సెకనుకు 82 సార్లు ఊగే మంద్ర తీగ, అంటే అన్నిటికన్నా లావుది, 7 సార్లే ఊగుతుంది. మన చెవికి స్వరంగా వినబడటం 20 దగ్గర మొదలవుతుంది. అంటే తీగ అటూ ఇటూ పోవడం కంటికి కనబడుతుంది గానీ అసలు స్వరం చెవికి అందదు, దాని పైస్వరాలే గుర్రుగుర్రుమంటాయి. అందుకని ఇలాంటివి కట్టేవాళ్లకు ఉన్న దారులు తక్కువ: తెగనంతవరకు బిగించి మంద్రంగానే వాయించడం, తీగను మధ్యలో నొక్కి పొడవు తగ్గించడం, లేదా పికప్ నుంచి వచ్చిన సిగ్నల్‌ను ఎలక్ట్రానిక్స్‌తో పైశ్రుతికి ఎత్తడం. మూడోది మోసమా అంటే, చెప్పి చేస్తే కాదని నా లెక్క.

ఒక్క మనిషి సంగతి చిన్నదే. మామూలు గిటార్‌లో మొదటి మెట్టు దూరం మూడున్నర సెంటీమీటర్లు, ఇక్కడ అది 40 దాటుతుంది. వేలితో కాదు, మోచేత్తో కూడా నొక్కలేం. ఒకరు కడ్డీతో నొక్కితే ఇంకొకరు మీటాలి. పాతకాలం చర్చి ఆర్గాన్‌కు గాలి కొట్టడానికి వేరే మనిషి ఉండేవాడు, దాన్ని వాయిద్యం కాదని ఎవరూ అనలేదు.

అనుమానం పడాల్సింది ఒకే చోట. టీవీలో తాడంత తీగ నింపాదిగా ఊగుతూ కనబడుతుంది, వినబడేదేమో సన్నగా, గబగబా సాగే సోలో. అప్పుడు ఆ పాట వేరే గిటార్‌ది అయ్యుండాలి, లేదా శ్రుతి ఎత్తి ఉండాలి. బాబాయ్, ఈసారి వీడియో వస్తే ముందు ఆ లావు తీగనే చూడు.